ల్యాబ్‌లో ఉచిత సాఫ్ట్‌వేర్: ఎవరూ నొక్కకుండానే ఎక్కాలి, అప్‌డేట్ కావాలి

అందరికీ నమస్కారం. బడిలోనో కాలేజీలోనో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేవాళ్లే ఇక్కడ ఎక్కువమంది కాబట్టి ఆ లెక్కలోనే మాట్లాడతాను. 30 సిస్టమ్‌లు, అన్నిటికీ కలిపి ఒకే ఇంటర్నెట్ కనెక్షన్. పొద్దున 9కి ఆన్, సాయంత్రం 5కి ఆఫ్. మధ్యలో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. ఆటోమేటిక్ అప్‌డేట్ సెట్టింగులు చాలావరకు రాత్రీ పగలూ ఆన్‌లో ఉండే సిస్టమ్‌కి సరిపోయేలా ఉంటాయి. మనకొచ్చే చిక్కుల్లో సగం ఈ తేడా వల్లే.

ముందు విండోస్ సంగతి ముగించేద్దాం. వీడియోలు చూసే వీఎల్‌సీ కావాలని వెతికి, పైన వచ్చిన ప్రకటన నొక్కి, నకిలీ డౌన్‌లోడ్ బటన్‌తో చెత్తంతా ఎక్కించుకోవడం ఇంకా జరుగుతూనే ఉంది. విండోస్ 11లో వింగెట్ అనే కమాండ్ ఉంది, దాన్ని వాడండి. ఒక సిస్టమ్‌లో కావలసినవన్నీ పెట్టుకుని ‘వింగెట్ ఎక్స్‌పోర్ట్’ ఇస్తే జాబితా ఒక ఫైల్‌గా వస్తుంది. మిగతా వాటిలో ఆ ఫైల్‌నే ‘వింగెట్ ఇంపోర్ట్’ చేయాలి. అప్‌డేట్లకు ‘వింగెట్ అప్‌గ్రేడ్’ తర్వాత రెండు హైఫన్లు పెట్టి ‘ఆల్’ అని రాస్తే చాలు. జిప్ ఫైళ్లు విప్పే సెవెన్‌జిప్ లాంటివి వాటంతటవి అప్‌డేట్ కావు, ఏళ్ల తరబడి పాత వెర్షన్‌లోనే ఉండిపోతాయి. వాటికోసమైనా ఇది చేయాలి.

దీన్ని టాస్క్ షెడ్యూలర్‌లో, అంటే చెప్పిన సమయానికి కమాండ్ తనంతట నడిచేలా చేసే విండోస్ సాధనంలో, పెట్టేటప్పుడు రెండు చోట్ల బోల్తా పడతారు. విండోస్ తన సొంత పనులకు వాడుకునే ‘సిస్టమ్’ అనే ఖాతా కింద పెడితే వింగెట్ కమాండే దొరకదు, ఎందుకంటే అది యూజర్ ఖాతాకు జతపడి ఉంటుంది. అడ్మిన్ హక్కులున్న మామూలు యూజర్ కింద పెట్టండి. రెండోది, లైసెన్స్ ఒప్పందాలకు ముందుగానే సరేననే ఆప్షన్లు రెండున్నాయి. ఒకటి ప్యాకేజీకి (ఎక్కించే సాఫ్ట్‌వేర్ కట్ట), ఒకటి సోర్స్‌కి (ఆ కట్టలు దిగే చోటు). అవి ఇవ్వకపోతే ఎవరికీ కనబడని తెర మీద ప్రశ్న అడిగి, జవాబు కోసం అలాగే కూర్చుంటుంది.

ఇక లినక్స్ రకాలైన ఉబుంటు, డెబియన్. అసలు చెప్పాల్సింది ఇక్కడే ఉంది.

మొదట ఎక్కించడం. సరిగ్గా సిద్ధం చేసిన ఒక సిస్టమ్‌లో ‘ఆప్ట్-మార్క్ షోమాన్యువల్’ కొడితే విడిగా ఎక్కించినవిగా నమోదైన ప్యాకేజీల పేర్లు వస్తాయి. దాన్ని ఫైల్‌లో పెట్టుకుని మిగతా సిస్టమ్‌లలో సాఫ్ట్‌వేర్ ఎక్కించే ‘ఆప్ట్ ఇన్‌స్టాల్’ కమాండ్‌కి అందించండి. తెలుగు కోసం ఆ జాబితాలో రెండు తప్పకుండా ఉండాలి: ఫాంట్స్-తెలు, ఐబస్-ఎం17ఎన్. మొదటిది ఫాంట్లకు, రెండోది ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు కీబోర్డు అమరిక), ఆర్‌టీఎస్ (ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాయడం) పద్ధతుల్లో టైప్ చేయడానికి. అన్నిటికీ సరేననే ‘హైఫన్ వై’ ఇచ్చేశాం, ఇక ఏమీ అడగదు అనుకోకండి. మైక్రోసాఫ్ట్ ఫాంట్ల ప్యాకేజీ లైసెన్స్ తెర చూపించి ఆగిపోతుంది. ఇలా ప్రశ్నలడిగే డెబ్‌కాన్ఫ్ అనే సాధనంలో ముందే జవాబులు నింపి, దాని ఫ్రంటెండ్‌ను (ప్రశ్న చూపించే తెర) ‘నాన్ఇంటరాక్టివ్’ చేస్తేనే పని ఆగకుండా సాగుతుంది.

అప్‌డేట్ల పని అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ అనే ప్యాకేజీది. ఉబుంటులో ముందే ఉంటుంది, డెబియన్‌లో ఉందో లేదో చూసుకోండి. ‘20ఆటో-అప్‌గ్రేడ్స్’ ఫైల్‌లో రెండు వరుసలుంటాయి. ఒకటి ప్యాకేజీల జాబితా తెచ్చుకోవడానికి, ఒకటి ఎక్కించడానికి. పక్కనున్న అంకె రోజుల లెక్క: 1 అంటే రోజూ, 7 అంటే వారానికోసారి, 0 అంటే అసలు వద్దని.

ఎక్కించే టైమర్ (ఆ పని ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే అమరిక) మామూలుగా పొద్దున 6, 7 గంటల మధ్య పని మొదలుపెడుతుంది. ఆ సమయానికి మన ల్యాబ్‌కి తాళం. తప్పిపోయిన పనిని సిస్టమ్ ఆన్ అయ్యాక గంటలోపు మొదలుపెట్టాలని ఆ టైమర్‌లో రాసి ఉంది. అందుకే 9 దాటాక 30 సిస్టమ్‌లూ దాదాపు ఒకేసారి డౌన్‌లోడ్‌కు దిగుతాయి, నెట్ పాకుతుంది. అదే సమయంలో మీరేదైనా ఇన్‌స్టాల్ చేయబోతే ‘కుడ్ నాట్ గెట్ లాక్’ అంటుంది. లాక్ ఫైల్‌ను తీసేయమని సలహా ఇచ్చేవాళ్లు కనబడతారు. దయచేసి ఆ పని చేయకండి. రెండు ప్రోగ్రాములు ఒకే డేటాబేస్‌లో ఒకేసారి రాయకుండా ఆపేది ఆ తాళమే. మొదటిది ముగిసేదాకా ఆగండి.

మందు ఏమిటంటే, టైమర్‌ను భోజన విరామానికి మార్చడం. సిస్టమ్‌లు ఆన్‌లో ఉంటాయి, పిల్లలు ఉండరు. ‘సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ ఆప్ట్-డైలీ-అప్‌గ్రేడ్ డాట్ టైమర్’ తెరిచి, టైమర్ విభాగంలో ముందు ‘ఆన్‌క్యాలెండర్ ఈక్వల్స్’ అని ఖాళీగా ఒక వరుస రాయాలి. దాని కింద 13:00 పెట్టి ఇంకో వరుస. ఖాళీ వరుస మరిచిపోతే పాత 6 గంటలూ ఉంటుంది, కొత్త సమయమూ ఉంటుంది. జాబితా తెచ్చే ఆప్ట్-డైలీ టైమర్‌నూ ఇలాగే కాస్త ముందుకు, 12 గంటలకు మార్చి, దాని ర్యాండమైజ్డ్ డిలేని (లెక్క లేకుండా కలిపే ఆలస్యం) అరగంటకు తగ్గించండి. మామూలుగా అది 12 గంటల దాకా ఉంటుంది, మన పని గంటల్లో పట్టదు. సెలవు తర్వాత సోమవారం పొద్దున మాత్రం తప్పిన పని మీద పడుతుంది, దాన్ని భరించడమే మేలు.

ఎక్కిస్తుండగా కరెంటు పోతే? మరుసటి రన్‌లో సగంలో ఆగిన ప్యాకేజీలను అదే సరిచేసుకునే ప్రయత్నం చేస్తుంది. కాకపోతే ‘డీపీకేజీ కాన్ఫిగర్’ కమాండ్‌ను ‘హైఫన్ ఏ’తో నడపండి. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదుంటే అప్‌డేట్ మొదలే కాదు. ఫోన్ హాట్‌స్పాట్‌ను మీటర్ ఉన్న (డేటాకు లెక్క ఉండే) కనెక్షన్‌గా గుర్తిస్తే అప్పుడూ అంతే. హాట్‌స్పాట్ మీదే నడిచే పల్లెటూరి బడిలో అన్నీ సరిగా పెట్టినా నెలల తరబడి ఏమీ ఎక్కకపోవడానికి ఇదొక కారణం. ‘50అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్’ ఫైల్‌లో ఈ మీటర్ షరతును మార్చుకోవచ్చు.

డేటా గురించి. ఒక అప్‌డేట్ 200 ఎంబీ అనుకుంటే 30 సిస్టమ్‌లకు 6 జీబీ. ఒక సిస్టమ్‌లో, దిగిన ప్యాకేజీలను నిలవ ఉంచే ఆప్ట్-క్యాచర్-ఎన్‌జీ పెట్టి, మిగతావాటి ఆప్ట్ ప్రాక్సీని దాని 3142 పోర్టుకు చూపిస్తే ఒక్కసారి దిగింది అందరికీ పంచుతుంది. ఆ సిస్టమ్ ఆఫ్‌లో ఉంటే మాత్రం మిగతా 29కీ అప్‌డేట్లు బంద్. హెచ్‌టీటీపీఎస్ రిపోజిటరీల (ప్యాకేజీలు దిగే సర్వర్లు) నుంచి వచ్చేవి మామూలుగా ఇందులో నిలవ ఉండవు.

‘లిబ్రేఆఫీస్ వెర్షన్ మారడం లేదు, అప్‌డేట్ పనిచేయడం లేదు’ అనే ఫిర్యాదు తరచూ వస్తుంది. పనిచేస్తూనే ఉంది. స్థిరమైన విడుదలల్లో భద్రతా సవరణను పాత వెర్షన్‌లోకే తెచ్చి కలుపుతారు, ముందున్న అంకె అలాగే ఉంటుంది. ల్యాబ్‌కి కావలసిందీ అదే. పరీక్షల ముందు మెనూలు మారిపోతే పిల్లలకు చెప్పుకోలేం. నిజంగా అప్‌డేట్ కానివి వేరే ఉన్నాయి: మీరు విడిగా చేర్చిన పీపీఏలు (ఇతరులు విడిగా నడిపే ఉబుంటు ప్యాకేజీల నిల్వలు), బయటి రిపోజిటరీలు. అనుమతించిన వనరుల జాబితాలో వాటి పేరు రాయనిదే అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ వాటిని ముట్టుకోదు. ఉబుంటు 22.04లోనూ ఆ తర్వాతి వాటిలోనూ ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గా (ఆప్ట్‌తో సంబంధం లేని వేరే రకం ప్యాకేజీ) వస్తోంది. స్నాప్‌ల అప్‌డేట్ల దారి పూర్తిగా వేరు, రోజుకు నాలుగుసార్లు అవే చూసుకుంటాయి. పైన మార్చిన టైమర్లు వాటికి వర్తించవు.

కెర్నెల్ (లినక్స్‌కి గుండెలాంటి ప్రోగ్రాం) మారాక రీస్టార్ట్ చేయడం సర్వర్లు చూసుకునేవాళ్లకు పెద్ద తలనొప్పి. రోజూ ఆపేసే మనకు ఆ గొడవ లేదు.

నెలకోసారి రెండు మూడు సిస్టమ్‌లలో ‘వార్ లాగ్’ ఫోల్డర్ కింద అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ లాగ్ తెరిచి చివరి తేదీ చూడండి. అనుమానముంటే ‘అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్’ను డ్రై-రన్ (ఏమీ ఎక్కించకుండా నడిపి చూడటం), డీబగ్ (చేసేదంతా వివరంగా చెప్పడం) ఆప్షన్లతో నడిపితే దేన్ని ఎందుకు వదిలేసిందో చెబుతుంది. అయితే లాగ్‌లో ‘ఎక్కించాల్సినవేమీ లేవు’ అని ఉంటే రెండు అర్థాలుండవచ్చు. అంతా తాజాగా ఉండొచ్చు, లేదా ఆ విడుదలకు మద్దతే ముగిసి ఉండొచ్చు. రెండిటికీ ఒకే వరుస రాస్తుంది. ఉబుంటు ఎల్‌టీఎస్‌కు (ఎక్కువకాలం మద్దతుండే విడుదల) మామూలు మద్దతు 5 ఏళ్లు. 20.04కి 2025లో అయిపోయింది, 22.04కి 2027 దాకా, 24.04కి 2029 దాకా ఉంది. ఒక విడుదల నుంచి మరో విడుదలకు మారే పనిని అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ చేయదు. అది వేసవి సెలవుల్లో, పిల్లల ఫైళ్లు కాపీ చేసిపెట్టుకుని, మొదట ఒక్క సిస్టమ్‌లో చేసి ప్రింటర్, తెలుగు టైపింగ్ పనిచేస్తున్నాయని చూసుకున్నాక, మిగతా వాటిలో దగ్గరుండి చేయాల్సిన పని.