బటన్ నొక్కాక ఎంతసేపు?

శ్రోతలకు నమస్కారం.

కంప్యూటర్ గేమ్‌లు ఆడేవాళ్లు ఇద్దరు కలిస్తే మొదట వచ్చే ప్రశ్న, "నీది ఏ గ్రాఫిక్స్ కార్డు?" అని. ఆ తర్వాత ర్యామ్ ఎంత, స్క్రీన్ ఎంత పెద్దది. నాకైతే అన్నిటికంటే ముందు ఒక్కటే అడగాలనిపిస్తుంది. నువ్వు బటన్ నొక్కిన ఎంతసేపటికి తెర మీద బొమ్మ కదిలింది?

తెర మీద మనకు కనిపించే కదలికంతా ఒకదాని వెనక ఒకటి గబగబా మారే బొమ్మలే. వాటిని ఫ్రేములంటాం. సెకనుకు 30 ఫ్రేములు వస్తుంటే ఒక్కోటి 33 మిల్లీసెకన్లు నిలుస్తుంది. 60 వస్తుంటే దాదాపు 17, 144 వస్తుంటే 7. చెవికి ఇవన్నీ చిన్న అంకెలే, కానీ బొటనవేలికి తేడా తెలిసిపోతుంది. బొమ్మను పరుగెత్తించుకుంటూ గోతి అంచుదాకా తెచ్చి, సరిగ్గా అక్కడే జంప్ నొక్కుతాం. జవాబు వెంటనే వస్తే ఆ బొమ్మ మనమే అనిపిస్తుంది. కాస్త ఆలస్యమైతే, ఎవరికో చెప్పి ఆడిస్తున్నట్టు ఉంటుంది.

ఒకప్పుడు నేను ఇష్టపడి 144 హెర్ట్జ్ మానిటర్, అంటే సెకనుకు 144 ఫ్రేములు చూపగలిగేది, కొనుక్కున్నాను. నెలల తరబడి వాడినా పెద్ద తేడా కనిపించలేదు. ఒకరోజు డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచి చూస్తే అది 60 దగ్గరే ఉంది. 144కి మార్చి మౌస్‌ను అటూ ఇటూ తిప్పాను. అంతవరకు గంతులేస్తూ పోయే బాణం గుర్తు, నీళ్ల మీద జారినట్టు జారింది. ఆ సాయంత్రం ఆట మొదలుపెట్టకుండా చాలాసేపు ఆ బాణాన్నే తిప్పుతూ కూర్చున్నాను. మీ మానిటర్ ఎంతలో నడుస్తోందో ఒకసారి చూసుకోండి. టీవీకి తగిలించి ఆడేవాళ్లయితే 'గేమ్ మోడ్' ఆన్‌లో ఉందో లేదో చూడండి. బొమ్మను నునుపు చేయడానికి, రంగులు దిద్దడానికి టీవీ ప్రతి ఫ్రేమునూ కాసేపు తన దగ్గరే ఆపుకుంటుంది. సినిమాకు దానివల్ల నష్టం లేదు. ఆటలో మాత్రం ఆ కాస్త ఆలస్యమూ చేతికి అడ్డం పడుతుంది. గేమ్ మోడ్ పెడితే ఆ పనులు చాలావరకు ఆగుతాయి.

ఇక మరింత స్పష్టమైన 4కె తెరల సంగతి. మామూలు ఫుల్ హెచ్‌డీ తెర మీద దాదాపు 20 లక్షల చుక్కలుంటే, 4కెలో 80 లక్షలకు పైగా ఉంటాయి. అంటే ప్రతి ఫ్రేముకూ నాలుగింతల చుక్కలు నింపాలి. అందుకే ఇప్పటి కన్సోళ్లలో, అంటే టీవీకి తగిలించి ఆడే యంత్రాల్లో, చాలా ఆటలు ముందే అడుగుతాయి: బొమ్మ నాణ్యత కావాలా, వేగం కావాలా? నేను ప్రతిసారీ వేగమే ఎంచుకుంటాను. కొండ మీద గడ్డిపోచ ఎంత అందంగా ఉన్నా రెండు నిమిషాల్లో కన్ను అలవాటు పడిపోతుంది. ఆలస్యానికి చెయ్యి అంత తేలిగ్గా అలవాటు పడదు. వేగమన్నా సగటు ఒక్కటే చూస్తే చాలదు. సగటు 90 ఉన్న ఆట కూడా సరిగ్గా యుద్ధం మధ్యలో ఓ క్షణం బిగుసుకుపోవచ్చు. దానికంటే తడబడకుండా 60లో నడిచే ఆటే నాకు మేలు.

1978లో జపాన్‌లో టొమొహిరో నిషికాడో 'స్పేస్ ఇన్‌వేడర్స్' అనే ఆటను తయారుచేశారు. తెర మీద 55 మంది శత్రువులు. ఆ ప్రాసెసర్‌కు అందరినీ ఒకేసారి జరిపే శక్తి లేదు. ఒక్కో ఫ్రేముకు ఒక్కరినే జరుపుతూ పోయేది. కాబట్టి శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్ల వంతు త్వరత్వరగా వచ్చి, వేగం పెరిగిపోయేది. చివరికి మిగిలిన ఒక్కడు తెరంతా పరుగులు పెట్టేవాడు. నిషికాడో దాన్ని సరిదిద్దకుండా అలాగే ఉంచారు. గెలుపు దగ్గరపడుతున్నకొద్దీ టెన్షన్ పెరగడమన్నది ఆ ఆటకు అలా వచ్చింది. యంత్రం ఎలా నడుస్తుందో చేత్తో పట్టి చూసినవాళ్లకే ఇలాంటివి దొరుకుతాయని నా నమ్మకం.

2018లో వచ్చిన 'సెలెస్ట్' అనే ఆటలో ఇంకో రకం నేర్పు ఉంది. అందులో ఓ అమ్మాయి కొండెక్కుతుంటుంది. అంచు దాటి గాలిలోకి వెళ్లిపోయాక కూడా కొన్ని ఫ్రేములపాటు జంప్ నొక్కితే ఆట ఒప్పుకుంటుంది. నేలను తాకడానికి క్షణం ముందే నొక్కేసినా, దాన్ని గుర్తుపెట్టుకుని కాలు ఆనగానే ఎగిరిస్తుంది. ఆడేటప్పుడు ఇదేదీ మనకు తెలియదు. సమయానికే నొక్కాననుకుంటాం. చాలా కష్టమైన ఆట అది. నేను అందులో వందలసార్లు కిందపడ్డాను. ఒక్కసారి కూడా, నొక్కాను కదా, ఎందుకు ఎగరలేదు అని అనిపించలేదు.

సెలవు.