ఎత్తైన అపార్ట్‌మెంట్ల కింద చలిగాలి అంతలా ఎందుకు కొడుతుంది?

[టొరంటోలో ఒక అపార్ట్‌మెంట్ టవర్ ముందు. జనవరి ఉదయం.]

మొన్న మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. కొత్తగా టొరంటో వచ్చి ఇల్లు వెతుక్కుంటున్నాడు. "అన్నా, ఇరవై నాలుగు అంతస్తుల టవర్లో ఫ్లాట్ దొరికింది. బస్టాప్ దాని కిందే. అంత పెద్ద బిల్డింగ్ అడ్డం ఉంది కదా, చలిగాలి తగలదులే" అన్నాడు. ఈ మాట ఇక్కడ ఎంతమంది నోట విన్నానో లెక్క లేదు. విన్న ప్రతిసారీ ఉండబట్టదు. అందుకే ఈ వీడియో.

మూడేళ్ల కిందట మా అమ్మ జనవరిలో వచ్చింది. చీర మీద పెద్ద కోటు, తలకు మఫ్లర్. లాబీ తలుపు నుంచి కారు దాకా నలభై అడుగులు ఉంటుందేమో. గోడ వెంట నడిచినంతసేపూ బాగానే ఉంది. మూల తిరిగిందో లేదో, కుచ్చిళ్లు ఒక్కసారిగా కాళ్లకు చుట్టుకుపోయాయి. ఇక అడుగు పడలేదు. రెండు చేతులతో గోడ పట్టుకుని నిలబడిపోయింది. నేను పరుగెత్తుకెళ్లి భుజాలు పట్టుకుని నడిపించాను. కారెక్కాక, "ఈ ఇళ్లు కట్టినవాళ్లు ఎప్పుడూ కిందికి దిగి నడవలేదా నాన్నా?" అని అడిగింది.

[స్క్రీన్ మీద: మైనస్ 10]

ఇలా ఆలోచించండి. ఉష్ణోగ్రత మైనస్ 10. గాలి గంటకు 10 కిలోమీటర్లుంటే ఒంటికి మైనస్ 15లా తగులుతుంది. అదే గాలి 40 అయితే మైనస్ 21. ఇది కెనడా వాతావరణ శాఖ వాడే విండ్ చిల్ లెక్క. మా అమ్మ గోడ వెంట ఉన్నప్పుడూ, మూల తిరిగాకా థర్మామీటర్ ఒక్కటే చూపిస్తుంది. మారింది గాలి ఒక్కటే. ఆ గాలిని అక్కడికి తెచ్చింది ఆ బిల్డింగే.

[పెరట్లో గోడ, చేతిలో బకెట్]

ఇంట్లో గోడ కడిగేటప్పుడు బకెట్ నీళ్లు గోడకేసి గట్టిగా కొట్టండి. నీళ్లు గోడ దగ్గర మాయమైపోతాయా? కాసిని పైకి చిందుతాయి. మిగతావన్నీ గోడ వెంట జారి, కింద నేలకు తగిలి, మళ్లీ మీవైపే వచ్చి మీ కాళ్లు తడుపుతాయి. గోడ అంచు దగ్గరైతే పక్కకు ఎగిరి పడతాయి.

టవర్‌కు తగిలే గాలి చేసేదీ ఇదే. నేల దగ్గర చెట్లూ ఇళ్లూ అడ్డం పడి గాలి నెమ్మదిస్తుంది. పైకి వెళ్లేకొద్దీ వేగం పెరుగుతుంది. ఇరవయ్యో అంతస్తు దగ్గర వీధిలో కంటే రెట్టింపు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఆ గాలి పలకలాంటి గోడకు తగిలాక, ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గర రెండుగా చీలుతుంది. పై భాగం పైకి పోతుంది. కింది భాగం గోడ వెంట దిగుతుంది. పొట్టి బిల్డింగ్ అయితే ఆ పైగాలి తన దారిన పైనుంచే పోయేది. టవర్ దాన్ని పట్టుకుని ఫుట్‌పాత్ మీదికి దించుతోంది. దిగిన గాలి గోడ ముందు సుడి తిరిగి, రెండు మూలల నుంచీ దూసుకుపోతుంది. వేగం రెట్టింపైతే మనిషి మీద పడే తోపు నాలుగింతలు. మా అమ్మ కుచ్చిళ్లను పట్టుకున్నది ఆ మూల గాలే.

"రెండు టవర్ల మధ్య సందు ఇరుకు కాబట్టే గాలి స్పీడ్ పెరుగుతుంది, అంతే" అనేవాళ్లున్నారు. అది సగం నిజం. ఇరుకు సందు నచ్చకపోతే గాలి పైనుంచీ పక్కనుంచీ పోగలదు. అసలు బలం టవర్ ముందువైపు గాలి ఒత్తిడి పెరిగి, వెనకవైపు తగ్గడంలో ఉంది. ఆ రెంటి మధ్య ఎక్కడ దారి దొరికితే అక్కడ గాలి తోసుకుపోతుంది.

అన్నిటికంటే ఘోరమైన దారి ఏదో తెలుసా? బిల్డింగ్‌ను స్తంభాల మీద నిలబెట్టి కింద ఖాళీ వదలడం. గోడకు నీళ్లు కొట్టినప్పుడు తలుపు కింద సందుంటే ఏమవుతుంది? నీళ్లన్నీ ఇంట్లోకే.

[పాత ఫోటో: ఎంఐటీ గ్రీన్ బిల్డింగ్]

అమెరికాలో బోస్టన్ పక్కనే కేంబ్రిడ్జ్‌లో ఎంఐటీ అనే పెద్ద యూనివర్సిటీ ఉంది కదా. అక్కడ 1964లో గ్రీన్ బిల్డింగ్ కట్టారు. డిజైన్ చేసింది ఐ.ఎం.పేయ్ అనే ఆర్కిటెక్ట్, స్వయంగా ఎంఐటీలో చదివినవాడు. దాదాపు 90 మీటర్ల ఎత్తు, చుట్టూ ఖాళీ, పక్కనే నది, కింద స్తంభాల మధ్య తెరిచి ఉంచిన దారి. గాలి రోజుల్లో అక్కడ తలుపులు తెరవడమే కష్టమైపోయింది. చివరికి తిరిగే తలుపులు పెట్టాల్సి వచ్చింది. లోపల ఉన్న విభాగాల్లో వాతావరణ శాస్త్రం ఒకటి! ముందు కాల్డర్ అనే శిల్పి చేసిన పెద్ద శిల్పం ఉంది. దాన్ని గాలి మళ్లించడానికే పెట్టారని క్యాంపస్‌లో కథ చెప్పుకుంటారు. అది నిజం కాదు. కానీ అలాంటి కథ పుట్టిందంటే అక్కడి గాలి ఎంతగా ఏడిపించి ఉండాలి!

మరి పరిష్కారం? మన ఊళ్లలోనే ఉంది. అరుగు.

[స్కెచ్: కింద వెడల్పైన నాలుగంతస్తులు, వాటి మీద వెనక్కి జరిపిన టవర్]

గోడ కింద వెడల్పాటి అరుగు ఉందనుకోండి. జారిన నీళ్లు అరుగు మీద పడి అక్కడే చెదిరిపోతాయి, వీధిలో మీ కాళ్లు తడవవు. బిల్డర్లు పోడియం అనేది ఆ అరుగునే. టవర్ దాని అంచుకు కాకుండా బాగా వెనక్కి ఉండాలి. అంచునే కడితే అరుగు ఉండీ లేనట్టే. ఇంకో మాట. అరుగు మీద కూర్చున్నవాళ్లు తడుస్తారు కదా? అందుకే పోడియం మీద పిల్లల ఆటస్థలం పెట్టి, బ్రోషర్‌లో ఊయల బొమ్మ వేస్తే నాకు మనసు ఒప్పదు. కనీసం చుట్టూ అడ్డు కట్టాలి. ఆ అడ్డు కూడా నిండు గోడ కాకుండా సగం సగం సందులున్న దడిలా ఉంటే మంచిది. దడి గాలిని వడకట్టి నెమ్మదింపజేస్తుంది. నిండు గోడైతే వెనక సుడి లేపుతుంది.

అయితే గోడ ఎప్పుడూ పనికిరాదా? వస్తుంది. క్యూబెక్ ఉత్తరాన ఫెర్మాంట్ అనే ఊరుంది, ఇనుప గని కోసం 1970లలో కట్టారు. ఊరికి గాలి వచ్చే వైపున 1.3 కిలోమీటర్ల పొడుగు బిల్డింగ్ ఒకటే కట్టేశారు. ఫ్లాట్లు, బడి, షాపులు, ఈతకొలను అన్నీ దాని లోపలే. దాని వెనక చిన్న చిన్న ఇళ్లు. స్వీడన్‌లో పనిచేసిన ఆర్కిటెక్ట్ రాల్ఫ్ ఎర్స్కిన్ ఆలోచనల నుంచి పుట్టిన డిజైన్ ఇది. ఎత్తు ఎంతో చూడండి: ఐదంతస్తులు. పొట్టిగా, పొడుగ్గా ఉంది కాబట్టి గాలి దాని మీదుగా దాటిపోతుంది. మా తమ్ముడి టవర్ సన్నగా, ఎత్తుగా, ఒంటరిగా ఉంది. రెండూ గోడలే, పని మాత్రం వేరు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. టవర్ వెడల్పు వైపు చలికాలపు గాలికి ఎదురుగా పెట్టొద్దు, సన్నటి వైపు పెట్టాలి. మూలలు గుండ్రం చేస్తే మేలు. గుండ్రటి స్తంభానికి నీళ్లు కొడితే చుట్టూ జారిపోతాయి. మెయిన్ తలుపు మూల దగ్గర వద్దు, గోడ మధ్యలో, కాస్త లోపలికి ఉండాలి. పైన గట్టి రేకు ఉంటే దిగే గాలి తల మీద పడదు. ఒక్క టవర్ పక్కవాటికంటే మరీ ఎత్తుగా లేకుండా, ఎత్తులు మెల్లగా పెరగాలి. కట్టక ముందే చిన్న మోడల్ చేసి విండ్ టన్నెల్లో, అంటే ఫ్యాన్లతో గాలి వదిలే సొరంగంలో, పెట్టి చూస్తారు. కెనడాలో ఇంజనీర్ అలన్ డావెన్‌పోర్ట్ 1965లో పెట్టిన ల్యాబ్ దీనికి పేరుపొందింది.

ఎండ సంగతి కూడా చెప్పాలి. డిసెంబర్ 21 మధ్యాహ్నం టొరంటోలో సూర్యుడు 23 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. 60 మీటర్ల టవర్ నీడ 140 మీటర్లు దాటి పడుతుంది. అదే టవర్ హైదరాబాద్‌లో ఉంటే 52 మీటర్లు. అందుకే మన దగ్గరి లేఅవుట్ ఇక్కడికి తెచ్చి పెడితే కుదరదు. అక్కడ నీడా గాలీ వరం. ఇక్కడ టవర్ ఉత్తరపు గోడ పక్కనే బెంచీ వేస్తే చలికాలమంతా దాని మీద ఎండ పొడ పడదు.

తమ్ముడూ, నువ్వు ఈ వీడియో చూస్తావని తెలుసు. ఆ ఫ్లాట్ చూడ్డానికి గాలి ఉన్న రోజే వెళ్లు. పైకెక్కి వ్యూ చూడకముందు ఆ బస్టాప్‌లో పది నిమిషాలు నిలబడు. మూల దాకా నడిచి, తిరిగి వచ్చి, లాబీ తలుపు ఒంటి చేత్తో తెరవగలవేమో చూడు. తెరవలేకపోతే నాకు ఫోన్ చెయ్, ఇంకో ఇల్లు వెతుకుదాం.