ప్రీసీజన్ నంబర్లు ఎలా చదవాలి: 2016 డాలస్ కౌబాయ్స్ షీట్

అందరికీ నమస్కారం అండి. స్క్రీన్ కనిపిస్తోంది కదా? సరే.

ఆగస్టు వచ్చిందంటే డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో, ఫ్రిస్కోలో మనవాళ్లు నలుగురు కలిసిన చోటల్లా ఒకటే చర్చ. మన అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ కౌబాయ్స్ ఈసారి ఎలా ఉన్నారు, కొత్త క్వార్టర్‌బ్యాక్, అంటే పాస్‌లు విసిరే కుర్రాడు, పనికొస్తాడా. ప్రీసీజన్ మ్యాచ్‌లో, అంటే అసలు సీజన్‌కు ముందు ఆడే ప్రాక్టీస్ మ్యాచ్‌లో, ఒకడు రెండు టచ్‌డౌన్ పాస్‌లు వేస్తే చాలు, సీజన్ మనదే అనుకుంటాం. వార్మప్ మ్యాచ్‌లో సెంచరీ కొట్టినవాణ్ణి చూసి వరల్డ్ కప్ మనదే అనుకున్నట్టు. అందుకే ఈ రోజు ఆ నంబర్లను మనమే షీట్‌లో పెట్టి చూద్దాం. తర్వాత ఏం జరిగిందో అందరికీ తెలిసిన సంవత్సరం తీసుకుంటున్నాను. 2016.

ముందు రెండు ముక్కల్లో కథ. 2015లో కౌబాయ్స్ 4 గెలిచి 12 ఓడారు. అప్పటి క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో ఆడిన నాలుగింటిలో మూడు గెలిచారు. అతను లేని పన్నెండింటిలో ఒక్కటే. టీమ్ మొత్తం ఒక్క మనిషి మీద ఎంతగా ఆధారపడిందో ఇక్కడే తెలుస్తుంది. 2016 డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే చోట, నాలుగో పిక్‌తో రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తే ఆటగాడు) ఎజెకియల్ ఎలియట్‌ను తీసుకున్నారు. క్వార్టర్‌బ్యాక్ కోసం పాక్స్‌టన్ లించ్‌ను తీసుకోవాలనుకున్నారు, డెన్వర్ ఎగరేసుకుపోయింది. కానర్ కుక్‌ను చూశారు, రైడర్స్ పట్టుకుపోయారు. చివరికి నాలుగో రౌండ్‌లో, 135వ పిక్‌తో, మిసిసిపీ స్టేట్ కుర్రాడు డాక్ ప్రెస్కాట్. క్యాంప్‌లో రోమోకు బ్యాకప్ అయిన కెల్లెన్ మూర్ కాలు విరిగింది. దాంతో రోమో తర్వాత ఇక డాకే.

ఇప్పుడు షీట్. కొత్త షీట్ తెరవండి. పై వరుసలో పేర్లు: ప్రత్యర్థి, అటెంప్ట్స్ (విసిరిన పాస్‌లు), కంప్లీషన్స్ (మనవాళ్లు పట్టుకున్నవి), యార్డులు, టచ్‌డౌన్లు (స్కోర్ తెచ్చిన పాస్‌లు), ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి పట్టేసినవి). నేను టైప్ చేస్తున్నాను, మీరు చూసి చేసేయండి. రామ్స్ మీద 12కి 10, 139 యార్డులు, రెండు టచ్‌డౌన్లు. డాల్ఫిన్స్ మీద 15కి 12, 199 యార్డులు, రెండు. సియాటిల్ మీద 23కి 17, 116 యార్డులు, ఒకటి. ఇంటర్‌సెప్షన్లు మూడింట్లోనూ సున్నా. కింద మొత్తం వరుస. 50కి 39, 454 యార్డులు, ఐదు టచ్‌డౌన్లు. అయిపోయింది.

మౌస్ పట్టుకుని కిందికి లాగడం నాకు పడదు. సెల్స్ సెలెక్ట్ చేసి కంట్రోల్ డి కొట్టండి, పై ఫార్ములా కింద వరకు దిగిపోతుంది. రోజంతా షీట్లతో పని చేసేవాళ్లకు ఈ ఒక్క అలవాటు చాలా టైమ్ మిగులుస్తుంది.

ఇప్పుడు పాసర్ రేటింగ్, అంటే క్వార్టర్‌బ్యాక్ పాస్‌లు ఎంత బాగా వేశాడో చెప్పే ఒక్క నంబర్. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ 1973 నుంచి వాడుతున్న పద్ధతి ఇది. నాలుగు ముక్కలు, నాలుగు కాలమ్‌లు. మొదటిది, కంప్లీషన్స్‌ను అటెంప్ట్స్‌తో భాగించి, 0.3 తీసేసి, ఐదుతో గుణించడం. రెండోది, పాస్‌కు సగటు యార్డుల్లోంచి మూడు తీసేసి, 0.25తో గుణించడం. మూడోది, టచ్‌డౌన్లను అటెంప్ట్స్‌తో భాగించి 20తో గుణించడం. నాలుగోది, ఇంటర్‌సెప్షన్లను అటెంప్ట్స్‌తో భాగించి 25తో గుణించి, దాన్ని 2.375 లోంచి తీసేయడం. నాలుగూ కూడి, ఆరుతో భాగించి, వందతో గుణిస్తే రేటింగ్. స్క్రీన్ మీద ఉంది, ఆపుకుని రాసుకోండి.

ఇక్కడ ఆగండి. ఇక్కడే నేను ఒక రాత్రంతా కూర్చున్నాను.

మొత్తం వరుసకు నాకు 138.25 వచ్చింది. రికార్డుల్లో చూస్తే 137.8. తేడా అరకు కూడా తక్కువే, ఎక్కడో రౌండింగ్ అనుకుని వదిలేయొచ్చు. నాకు మనసొప్పలేదు. యార్డులు మళ్లీ కూడి చూశాను, అటెంప్ట్స్ మళ్లీ చూశాను, బ్రాకెట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు పై వరుసలు చూశాను. ఇదిగో, రామ్స్ వరుసలో 175.3. డాల్ఫిన్స్ వరుసలో 168.5. ఈ రేటింగ్ 158.3 దాటడానికి వీల్లేదు. అది పర్‌ఫెక్ట్ స్కోర్.

సంగతేంటంటే, నాలుగు ముక్కల్లో ప్రతిదానికీ ఒక కప్పు, అంటే పై హద్దు, ఉంది. ఏ ముక్కా 2.375 దాటకూడదు, సున్నా కంటే కిందికి పోకూడదు. మొత్తం వరుసలో కంప్లీషన్ ముక్క చూడండి. 39 బై 50 అంటే 0.78. అందులో 0.3 తీస్తే 0.48, ఇంటూ ఐదు, 2.4. అంటే కప్పు దాటి 0.025 పైకి పోయింది. నా రాత్రి తినేసింది ఆ కాస్తే.

దీనికి చాలామంది మిన్, మ్యాక్స్ ఒకదాంట్లో ఒకటి పెట్టి రాస్తారు. నేను మీడియన్ వాడతాను. ఈక్వల్స్ మీడియన్, బ్రాకెట్, సున్నా కామా, 2.375 కామా, ఆ తర్వాత మన లెక్క, బ్రాకెట్ క్లోజ్. మూడింటిలో మధ్యది తీసుకుంటుంది. లెక్క మరీ పెద్దదైతే 2.375 మధ్యకు వస్తుంది, మైనస్‌లోకి పోతే సున్నా వస్తుంది. నాలుగు కాలమ్‌లకూ పెట్టండి. కంట్రోల్ డి. ఇదిగో, 137.8. ఇప్పుడు కరెక్ట్.

మూడు మ్యాచ్‌ల రేటింగ్‌లు ఇప్పుడు విడివిడిగా చూడండి. రామ్స్ 154.5. డాల్ఫిన్స్ 158.3, అంటే పర్‌ఫెక్ట్. సియాటిల్ 99.2.

అందరి కళ్లూ ఆ 158.3 మీదే పడ్డాయి. ఆ రోజుల్లో నావీ అంతే. కానీ నన్నడిగితే చూడాల్సిన వరుస ఇది, సియాటిల్. దీనికి పసుపు రంగు వేస్తున్నాను.

2016 ఆగస్టు 25. ఆ మ్యాచ్ మొదలుపెట్టింది రోమోనే. మ్యాచ్ మొదలైన మూడో ఎత్తులోనే సియాటిల్ డిఫెన్స్ ఆటగాడు క్లిఫ్ ఏవ్రిల్ అతన్ని వెనక నుంచి పట్టి పడేశాడు. రోమో వెన్నుపూసలో ఎముక విరిగింది. డాక్ లోపలికి వచ్చాడు. ముందు మ్యాచ్‌ల్లో కుర్రాడి చుట్టూ చాలా అనుకూలంగా జరిగింది. ఇక్కడ ఎదురుగా ఉన్నది సియాటిల్ మొదటి వరుస డిఫెన్స్, అంటే బెంచ్ కాదు, అసలు ఆటగాళ్లు, అదీ వాళ్ల ఊళ్లో, ఆ అరుపుల్లో. పాస్‌కు సగటున ఐదు యార్డులే వచ్చాయి. పెద్ద పాస్‌లు దొరకలేదు. అయినా 23లో 17 సరైన చేతుల్లోకి వెళ్లాయి, ఒక్కటీ ప్రత్యర్థి చేతికి పోలేదు.

ఇప్పుడు కింద ఇంకో వరుస కొట్టండి. అదే డాక్, 2016 రెగ్యులర్ సీజన్ మొత్తం. 459కి 311, 3667 యార్డులు, 23 టచ్‌డౌన్లు, నాలుగు ఇంటర్‌సెప్షన్లు. కంట్రోల్ డి. 104.9.

చూశారా? 154 కాదు, 158 కాదు. 99.2 పక్కన వచ్చి కూర్చుంది.

ప్రీసీజన్ మొత్తం వరుసలోని నాలుగు ముక్కలనూ ఈ సీజన్ వరుసతో పోల్చండి. టచ్‌డౌన్ ముక్క రెండు నుంచి ఒకటికి వచ్చేసింది, దాదాపు సగం. ఇంటర్‌సెప్షన్ ముక్క 2.375 నుంచి 2.157, అన్నిటికంటే తక్కువ జారింది అదే. ప్రీసీజన్‌లో డిఫెన్స్‌లు తమ అసలు ఎత్తులు బయటపెట్టవు. సగం సేపు బెంచ్ ఆటగాళ్లే ఉంటారు. టచ్‌డౌన్లు అలా పండుతాయి. బంతి ఎవరికి ఇవ్వకూడదో తెలియడం మాత్రం ఆ కుర్రాడి సొంత సొత్తు. కెరీర్ మొదలైనప్పటి నుంచి 176 పాస్‌ల దాకా డాక్‌కు ఒక్క ఇంటర్‌సెప్షన్ లేదు. అంతకుముందు ఆ రికార్డు టామ్ బ్రేడీది, 162. జెయింట్స్ చేతిలో 20-19తో మొదటి మ్యాచ్ పోయింది. ఆ తర్వాత వరసగా పదకొండు గెలిచి, 13-3తో ముగించారు.

ఒక్క ఆటగాడితో రూల్ కట్టేయలేం, 50 పాస్‌లు చాలా తక్కువ కూడా. అందుకే నేను ఏ ఆగస్టులోనైనా ఈ షీట్‌కు చివర్లో ఒక కాలమ్ కలుపుతాను, ఎదురుగా ఎవరున్నారు అని. మొదటి వరుస డిఫెన్సా, బెంచా, ఎన్ని డ్రైవ్‌లు (బంతి మన చేతిలో ఉన్నంతసేపు సాగే ఒక్కో దాడి). ఇది మామూలు స్టాట్స్ పేజీలో దొరకదు, మ్యాచ్ చూస్తూ చేత్తో రాసుకోవాల్సిందే. 2021 నుంచి ప్రీసీజన్ మ్యాచ్‌లు మూడే కాబట్టి పెద్ద పనేం కాదు. నేనైతే ఫోన్‌లోనే షీట్ తెరిచి, డ్రైవ్ అయిపోగానే కొట్టేస్తాను.

షీట్ లింక్ కింద ఉంది. ఫైల్ మెనూలో కాపీ చేసుకుని మీ దాంట్లో మీ టీమ్ నంబర్లు పెట్టుకోండి. ఫార్ములా ఎక్కడైనా ఎర్రర్ చూపిస్తే ముందు అటెంప్ట్స్ సెల్ ఖాళీగా ఉందేమో చూడండి.