బిల్లు సరే, నీళ్లేవి?

అందరికీ నమస్కారం. ఆడిట్ మీద మాట్లాడమని పిలిచినప్పుడు, ఆదివారం పూట దీనికెవరొస్తారయ్యా అన్నాను. కుర్చీలైతే నిండాయి. వెనక వరసల్లో నాలాంటి రిటైర్డ్ ఉద్యోగులే ఎక్కువున్నారనుకోండి, అది వేరే సంగతి.

ఆడిట్ ఉద్యోగంలో ఉండగా, మన అనంతపురం జిల్లాలోనే ఒక వంక మీద కట్టిన చెక్ డ్యాం ఫైలు నా దగ్గరికొచ్చింది. ఎస్టిమేటు ఉంది, ఎం-బుక్కులో కొలతలున్నాయి, బిల్లు మీద సంతకాలన్నీ ఉన్నాయి. ఒక్క పేరా, అంటే ఒక్క అభ్యంతరం కూడా రాయకుండా పంపేశాను. రెండేళ్ల తర్వాత వేరే పని మీద ఆ ఊరికి పోతే ఒక రైతు నన్ను తీసుకుపోయి చూపించాడు. వంక దారి మార్చుకుని డ్యాం పక్కనుంచి పోతోంది. "డ్యాం బాగానే ఉండాది సార్, నీళ్లకే బుద్ధి లేదు" అన్నాడు.

మామూలు ఆడిట్ రూపాయికి రసీదు అడుగుతుంది. పనితీరు ఆడిట్ ఆ రైతులా అడుగుతుంది. ఇంతకంటే తక్కువలో అయ్యేదా? పెట్టిన డబ్బుకు తగ్గ పని జరిగిందా? దేనికోసం మొదలుపెట్టారో అది నెరవేరిందా? ఏటా కరువు చూసే జిల్లాలో మూడో ప్రశ్నే అసలు ప్రశ్న.

మరి అడిగేవాడు ఎవరి కింద ఉండాలి? రాజ్యాంగ సభలో 1949లో అంబేద్కర్, రాజ్యాంగంలో బహుశా అందరికంటే ముఖ్యమైన అధికారి కాగ్ అన్నారు. కాగ్ అంటే ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్. 148వ అధికరణం ప్రకారం ఆయన్ను తీసేయాలంటే సుప్రీంకోర్టు జడ్జిని తీసేసినంత తతంగం నడవాలి. దిగిపోయాక కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ మరో ప్రభుత్వ పదవికి ఆయన అర్హుడు కాడు. రేపటి పదవి మీద ఆశ లేనివాడే ఈరోజు గట్టిగా రాయగలడని అప్పటివాళ్లకు తెలుసు. పంచాయతీల లెక్కలు చూసే రాష్ట్ర ఆడిట్ శాఖ మాత్రం ఆర్థిక శాఖ కిందే ఉంటుంది. తేడా మీకే తెలుస్తుంది.

ఇంత చేసీ ఒక తలుపు తెరిచే వదిలేశారు. రాష్ట్రం మీద కాగ్ ఇచ్చే నివేదిక 151వ అధికరణం ప్రకారం గవర్నరు ద్వారా శాసనసభకు రావాలి. ఎన్నాళ్లలోపల అన్నది రాయలేదు. చాలాసార్లు సమావేశాల చివరి రోజు బల్ల మీదికొస్తుంది, చర్చకు టైముండదు. తర్వాత శాసనసభకు చెందిన ప్రజా పద్దుల కమిటీ దాన్ని చూడాలి. దానికి ప్రతిపక్ష సభ్యుణ్ణి ఛైర్మన్ చేయడం ఆనవాయితీ. ఆ కమిటీ దాకా వచ్చేసరికి పని చేసిన ఇంజినీరు రిటైరై ఉంటాడు.

అందుకే నాకు ఢిల్లీ కంటే నార్పల మండలం బండ్లపల్లి మీదే నమ్మకం ఎక్కువ. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది అక్కడే. ఆ చట్టంలో 17వ సెక్షన్ సామాజిక తనిఖీ, అంటే ఊరి పనుల లెక్కలు ఊరివాళ్ల ముందే సరిచూడడం, జరగాలంది. అదే ఏడాది మన జిల్లాలో దాన్ని పెద్ద ఎత్తున చేసి చూపించారు. మస్టర్, అంటే కూలీల హాజరు పట్టీ, ఊరి మధ్యలో గట్టిగా చదివితే, పనిలోకి రానివాళ్ల పేర్లు కూలీల నోటివెంటే బయటికొచ్చాయి. తనిఖీకి వెళ్లిన యువతీ యువకులూ కూలి కుటుంబాలవాళ్లే. సొంత ఊరి లెక్కలు మాత్రం వాళ్ల చేతికివ్వరు. 148వ అధికరణంలో ఉన్న తెలివే ఇదీ! 2009లో దీనికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీ పెట్టారు. పని చేయించే యంత్రాంగానికీ తనిఖీకీ సంబంధం ఉండకూడదని 2011లో కేంద్రం నిబంధనే తెచ్చింది, కాగ్‌ను సంప్రదించి మరీ.

లోపం లేదనను. తనిఖీ చివర జరిగే బహిరంగ సభ, ప్రజావేదికలో తేల్చిన సొమ్ముకూ చివరికి వసూలైన సొమ్ముకూ పొంతన ఉండదు. ఊళ్లో పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటు ఉద్యోగం ఊడుతుంది, పై సంతకాల జోలికి ఎవరూ పోరు.

కాగ్ నివేదికలు సభలో పెట్టిన తర్వాత నెట్లో ఎవరైనా చూడొచ్చు. వచ్చే నెల ఇదే హాల్లో, సాగునీటి మీద వచ్చిన పేరాలు మనమే చదువుదాం, మస్టర్ చదివినట్టు గట్టిగా. ఆ చెక్ డ్యాం ఊరి రైతును నేనే పిలుస్తాను. బస్సు ఛార్జీలు నావే, రసీదు మాత్రం అడక్కండి.