తెరచాప ఎవరు నేశారు?

అందరికీ నమస్కారం. ఇవాళ మాట వైకింగుల గురించి, అంటే వెయ్యేళ్ళ కిందట నార్వే, డెన్మార్క్, స్వీడన్‌ల నుంచి ఓడలేసుకుని బయల్దేరినవాళ్ళ గురించి. ముందు బొమ్మల్లో వాళ్ళ టోపీలకి కనిపించే ఆ కొమ్ముల సంగతి తేల్చేద్దాం, లేకపోతే నేను ఏం మాట్లాడినా మీ ధ్యాసంతా అక్కడే ఉంటుంది. వైకింగులు కొమ్ముల టోపీ పెట్టుకుని యుద్ధానికి వెళ్ళారనడానికి ఆధారం లేదు. 1876లో జర్మనీలో ఒక సంగీత నాటకానికి దుస్తులు తయారుచేసినాయన పాత్రలకి కొమ్ములు తగిలించాడు, జనానికి తెగ నచ్చేసింది, ఇప్పటి కార్టూన్ల దాకా అదే నడుస్తోంది. 1943లో నార్వేలో ఒక అసలు హెల్మెట్ దొరికింది. కళ్ళ చుట్టూ ఇనప అంచు ఉంది, కొమ్ములు లేవు. అయిపోయింది.

793లో ఇంగ్లండ్ తీరాన లిండిస్‌ఫార్న్ మఠాన్ని దోచుకున్నారు కదా, ఇక అక్కడినుంచి అందరూ కత్తులూ గొడ్డళ్ళ కథే చెప్తారు. కాస్త ఓపిక ఉన్నవాళ్ళు ఓడల గురించి చెప్తారు, అది కూడా చెక్క గురించే. తెరచాప ఎక్కడినుంచి వచ్చిందని ఎవరూ అడగరు. నాకు చిరాకు పుట్టేది అక్కడే.

డెన్మార్క్‌లో రోస్కిల్డ దగ్గర సముద్రపు పాయలోంచి 1962లో ఐదు ఓడలు బయటికి తీశారు. వాటిలో పెద్దది 30 మీటర్ల యుద్ధనౌక, 1042 ప్రాంతంలో ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో కట్టింది. దానికి నకలు కట్టి 2007లో నిజంగానే సముద్రం మీద డబ్లిన్ దాకా తీసుకెళ్ళారు. ఆ నకలు ఓడ తెరచాప 112 చదరపు మీటర్లు. ఆ కాలంలో అంత గుడ్డా ఉన్నితో నేయాలి. ఉన్ని తెరచాపేంటి అనుకుంటున్నారా? నార్వేలో ట్రొండెనెస్ అనే ఊళ్ళో పాత చర్చి పైకప్పు సందుల్లో కుక్కిన గుడ్డ ముక్క ఒకటి దొరికింది, వైకింగుల తర్వాతి కాలానిదే, చూస్తే ఉన్ని తెరచాప.

ఇప్పుడు లెక్క వేద్దాం, ఫోన్లు తీయండి. సెంటీమీటరుకి పడుగులో, అంటే నిలువుగా, 8 పోగులు, పేకలో, అంటే అడ్డంగా, 5 అనుకోండి. 112 చదరపు మీటర్లకి దాదాపు 145 కిలోమీటర్ల నూలు. అంటే ఇంచుమించు హైదరాబాద్ నుంచి వరంగల్ దాకా ఒకటే పోగు! రాట్నం లేదు, అది యూరప్‌కి ఇంకా చేరలేదు. ఉన్నదల్లా ఇదిగో, నా చేతిలో ఉన్నలాంటి కదురు. పుల్ల, దాని కింద గుచ్చిన రాతి బిళ్ళ, అంతే. తిప్పి వదిలితే బిళ్ళ బరువుకి తిరుగుతూ కిందికి దిగుతుంది, పైన వేళ్ళతో ఉన్ని కొద్దికొద్దిగా వదలాలి. ఎక్కువ వదిలితే ఉండ కడుతుంది, తక్కువైతే తెగుతుంది. రెండు వారాలు కూర్చుంటే నాకు వచ్చింది ముడులు ముడులుగా ఓ బారెడు, మా ఇంట్లో వాళ్ళు ఇంకా నవ్వుతున్నారు. చేయి తిరిగినామె గంటకి 40 మీటర్లు వడికిందనుకున్నా, రోజుకి పది గంటల చొప్పున 364 రోజులు. ఇది వడకడం ఒక్కటే.

దానికి ముందు గొర్రె ఉంది. వాళ్ళ గొర్రెకి రెండు పొరల ఉన్ని, పైన నీళ్ళు నిలవని పొడుగాటి వెంట్రుక, లోపల మెత్తటిది. వేసవి మొదట్లో వదులైనప్పుడు చేత్తో పీకేవాళ్ళు, రెండూ విడదీసి గట్టిదాన్ని పడుక్కి, మెత్తదాన్ని పేకకి పెట్టేవాళ్ళు. మగ్గం గోడకి ఆనించి నిలబెట్టేది, పడుగు పోగుల చివర్లకి రాతి గుండ్లు వేలాడదీసి, నిలబడి, అటూ ఇటూ నడుస్తూ నేయాలి, పేకని పైకి కొట్టాలి. పొద్దస్తమానం చేతులు ఎత్తి చేసే పని. నేశాక గాలి జారిపోకుండా కొవ్వూ, తారూ, ఎర్రమట్టీ పూయాలి. ఇక ఆ ఓడెక్కే అరవై మందికి ఒంటిమీద బట్టలు, కప్పుకునే దుప్పట్లు కూడా ఇవే చేతులు చేయాలి. ఆ చేతుల్లో ఐర్లండ్ నుంచి పట్టుకొచ్చిన బానిస ఆడవాళ్ళవీ ఉన్నాయి, ఈ మాట దాటేసి వీళ్ళని వీరులని పొగడటం నా వల్ల కాదు.

పెద్దింటి ఆడవాళ్ళు కూడా ఈ పని చేసేవాళ్ళే. నార్వేలో ఓసెబెర్గ్ అనే చోట సమాధి దిబ్బ 1904లో తవ్వితే లోపల 21 మీటర్ల పైచిలుకు ఓడ, 834లో పూడ్చింది. అందులో రాజు లేడు, ఇద్దరు ఆడవాళ్ళున్నారు, ఒకామె డెబ్బై దాటిన ముసలామె. బండి, మంచాలు, గుర్రాల సంగతి అందరూ చెప్తారు. నాకు నచ్చింది ఒక చిన్న పట్టీ మగ్గం. పోగులు దూర్చే చిల్లులున్న 52 చిన్న పలకల్లో పోగులు ఎక్కించే ఉన్నాయి, నేత సగంలో ఆగింది.

ఆఖరుగా కెనడా. న్యూఫౌండ్‌లాండ్ కొసన లాన్స్ ఓ మెడోస్ అనే చోట 1960లో వైకింగుల ఇళ్ళ ఆనవాళ్ళు బయటపడ్డాయి, అక్కడి కొయ్యని 1021లో నరికారని తేలింది. కొలంబస్ కంటే 471 ఏళ్ళు ముందు. అయితే అక్కడ దొరికింది కత్తుల గుట్టేం కాదు. మట్టిలోంచి వచ్చిన వస్తువుల్లో ఒకటి మెత్తరాతి బిళ్ళ, మధ్యలో చిల్లు, సరిగ్గా ఈ కదురు కింద ఉన్నలాంటిది. అట్లాంటిక్ దాటొచ్చాక కూడా ఎవరో కూర్చుని దారం వడికారు.

కదురు ఇక్కడే బల్లమీద పెడుతున్నాను, వచ్చి తిప్పి చూడండి. ఉన్ని సంచిలో ఉంది.