గుట్టు రట్టవుతుందన్న భయం

శ్రోతలకు నమస్కారం.

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగిళ్లలో పుట్టి, ఒడియా మీడియంలో చదివి, మంచి ఉద్యోగాల్లో కుదురుకున్నవాళ్లు చాలామందే. వాళ్లలో కొందరిని లోలోపల ఒక భయం తొలుస్తుంటుంది: "పరీక్షలో ఏదో కలిసొచ్చింది. నా ఒడియాలో తెలుగు యాస, తెలుగులో ఒడియా మాటలు. ఎప్పుడో ఒకరోజు గుట్టు రట్టవుతుంది." ప్రమోషన్ వస్తే ఈ భయం తగ్గాలి కదా? ఒక్కోసారి పెరుగుతుంది.

అమెరికా మనస్తత్వవేత్తలు పౌలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ 1978లో ఈ భయాన్ని "ఇంపోస్టర్ ఫినామినన్" అన్న పేరుతో వివరించారు. పేరు తెచ్చుకున్న స్త్రీలలో దీన్ని మొదట గమనించారు. మగవాళ్లకూ ఉంటుందని తర్వాత తేలింది. దీన్ని జబ్బుగా లెక్కించరు.

పెద్ద పని చేతికి రాగానే గుండె దడ. కొందరు అవసరానికి రెండింతలు సిద్ధమవుతారు, కొందరు చివరి రాత్రి దాకా నెడతారు. పని బాగానే అవుతుంది. మొదటివాళ్లు "అంత చాకిరీ చేశాను కాబట్టి గట్టెక్కాను" అంటారు, రెండోవాళ్లు "అదృష్టం" అంటారు. ఎటు తిరిగినా సామర్థ్యం ఖాతాలో పైసా జమ కాదు. అందుకే "నువ్వు గొప్పవాడివిరా" అని ఇంట్లోవాళ్లు ఎంత చెప్పినా ఫలితం ఉండదు. పైగా వీళ్లనీ మోసం చేస్తున్నానే అన్న బెంగ ఒకటి తోడవుతుంది.

సిద్ధమయ్యే దగ్గరే దీన్ని పట్టుకోవాలి. గంటసేపు చెప్పే శిక్షణ తరగతికి ఆరు గంటలు చదివే టీచరమ్మ, ఈసారి అయిదు గంటలు చదవగానే పుస్తకం మూసెయ్యాలి. ఎప్పుడు ఆపాలో ముందురోజే కాగితం మీద రాసుకోవాలి. లేకపోతే "ఇంకో అరగంట" అంటూ సాగుతుంది. ఒక్కసారే సగానికి కోస్తే మాత్రం బెదిరి మళ్లీ పాత దారే పడతారు. తరగతి అయ్యాక, ఎక్కడ తడబడ్డారో, ఆ మిగిలిన గంట చదివి ఉంటే తడబడేవారు కాదా అన్నది అదే రోజు రాసుకోవాలి. నాలుగు రోజులు పోతే మనసు తనకు నచ్చినట్టు కథ అల్లేస్తుంది.

నిజంగా రానిదేమైనా ఉంటే? "ఒడియాలో ఫైలు నోట్ రాయడం రాదు" అన్నది లోటే, నేర్చుకుంటే తీరుతుంది. తోటి ఉద్యోగి రాసిన పాత నోట్లు చూసి రోజుకొకటి తిరగరాస్తే చాలు. "నేను దేనికీ పనికిరాను" అన్నదానికి నేర్చుకోవలసిన పాఠమంటూ లేదు, అది భయం. యాసను చూసి వెక్కిరించే ఆఫీసైతే తప్పు అక్కడిది, దాన్ని కూడా మీ నెత్తినే వేసుకోకండి.

రెండు వారాలుగా దిగులు వదలక, నిద్ర పట్టక, అన్నం సయించకపోతే డాక్టరును కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు రాత్రయినా పగలయినా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. భాష అడిగితే తెలుగో ఒడియానో, మీకు ఏడుపు ఏ భాషలో వస్తే అదే చెప్పండి.