కళింగపట్నం పడవ దీపాలు

విద్యార్థులకు, తోటి మాస్టార్లకు నమస్కారం.

చీకటి పడ్డాక కళింగపట్నం ఒడ్డున నిలబడితే వేటకెళ్లిన పడవల దీపాలు కనిపిస్తాయి. బాగా దూరాన, పక్కపక్కనే ఉన్న రెండు పడవలైతే రెండూ కలిసి ఒకే దీపంలా ఉంటాయి. వాటిని విడదీసి చూడటం గురించే ఇవాళ మాట్లాడతాను.

వెలుగు ఒక అల. ఎంత చిన్న చుక్క నుంచి బయల్దేరినా కటకం దాటాక మసక బిళ్లలా పరుచుకుంటుంది. రెండు చుక్కలు మరీ దగ్గరైతే బిళ్లలు ఒకదానిమీదొకటి పడతాయి. 1873లో జర్మనీలోని యెనాలో ఎర్నెస్ట్ అబ్బె అనే శాస్త్రవేత్త లెక్క కట్టాడు: వెలుగు తరంగదైర్ఘ్యంలో, అంటే ఒక అల పొడవులో, దాదాపు సగం కన్నా దగ్గరున్నవాటిని మైక్రోస్కోపు విడదీయలేదు. మన కంటికి కనిపించే వెలుగుకు ఆ హద్దు సుమారు 200 నానోమీటర్లు (మిల్లీమీటరులో పది లక్షలో వంతు ఒక నానోమీటరు). పొందూరు ఖద్దరులో ఒక్క పత్తి పీచు మందం 10 నుంచి 20 మైక్రాన్లు (ఒక మైక్రాన్ అంటే వెయ్యి నానోమీటర్లు). ఆ హద్దు అందులో యాభయ్యో వంతో, వందో వంతో అన్నమాట. కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్ అయితే 20, 30 నానోమీటర్లే. ఎంత పెద్దది చేసి చూసినా మసకే పెద్దదవుతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఉంది కదా అంటారు. ఉంది, కానీ మామూలుగా దాని శూన్యంలో కణం బతకదు. బతికున్న కణాన్ని చూడాలంటే వెలుగే కావాలి.

మళ్లీ ఒడ్డుకు రండి. ఒక పడవవాళ్లను దీపం ఆర్పమనండి. ఒంటరిగా మిగిలిన మసక బిళ్లకు నడిమధ్య ఎక్కడో గుర్తు పెట్టుకోవచ్చు. తర్వాత దాన్ని ఆర్పించి మొదటిది వెలిగించమనండి. ఇంకో గుర్తు. ఇప్పుడు రెండు పడవలు! అమెరికా శాస్త్రవేత్త ఎరిక్ బెట్జిగ్ 2006లో మైక్రోస్కోపుతో చేసి చూపింది ఇదే. పడవ దీపాల బదులు కణంలోని మెరిసే అణువులను ఒక్కసారిగా కాకుండా కొన్నికొన్నిగా వెలిగించి, వేల ఫొటోల్లోని గుర్తులన్నీ ఒకచోట చేర్చాడు. అణువు నుంచి అందే ఫోటాన్లు, అంటే వెలుగు రేణువులు, వంద రెట్లైతే గుర్తు పది రెట్లు కచ్చితమవుతుంది. ఆ పరికరాన్ని ఆయనా, మిత్రుడు హెరాల్డ్ హెస్సూ కలిసి హెస్ ఇంటి హాల్లో కూర్చారు. మన పిల్లలు ఈ సంగతి తప్పకుండా వినాలని నాకు ఆశ.

జర్మనీలో పనిచేసే శాస్త్రవేత్త స్టీఫన్ హెల్ ఉపాయం వేరు. మొదటి లేజర్‌తో అణువులను మెరిపించి, పైనుంచి గారె ఆకారంలో రెండో లేజర్ వేస్తాడు. గారె పడ్డచోట మెరుపు ఆగిపోతుంది, చిల్లులో ఉన్నవే మెరుస్తాయి. బెట్జిగ్, హెల్ ఇద్దరికీ, 1989లో ఒక్క అణువును వెలుగుతో పట్టుకున్న అమెరికా శాస్త్రవేత్త మోర్నర్‌కూ 2014లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

అబ్బె ఓడిపోయాడని మాత్రం అనకండి. బిళ్ల ఈనాటికీ అంతే ఉంది. ఏది ఎప్పుడు వెలగాలన్నది మన చేతికొచ్చింది, అంతే.

ఈ బల్లమీది మైక్రోస్కోపు కింద పెరుగు చుక్క పెట్టాను. కడ్డీల్లాంటి సూక్ష్మజీవులు కనిపిస్తాయి. వాటి లోపలేముందో చూడబోతే మసక అడ్డొస్తుంది. వరసగా వచ్చి ఆ మసకను చూడండి.